మూడు బదులు ఎనిమిది

మార్చి 4

ఈరోజు బావ మా షిప్పింగ్ ఆఫీసుకి వచ్చాడు. తలెత్తేసరికి కౌంటర్ ముందు హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక్కడ నేను చేరి రెండేళ్లయింది. ఒక్కసారీ రాలేదు.

"సిస్టర్ గారూ, ఒక మోటార్‌సైకిల్‌ని ఓడెక్కించాలి. ఎక్కిస్తారా, ప్రార్థన చేసుకోమంటారా?" అన్నాడు.

కాన్వెంట్లో చదివానని అక్క పెళ్లినాటి నుంచీ నన్ను సిస్టర్ అనే పిలుస్తాడు. స్టాంపుల మాస్టారు నవ్వారు. ఆయన ఎవరి మాటకైనా నవ్వుతారు. మా డాక్యుమెంట్ల గదిలో ఉండేది మేమిద్దరమే. నేను టైప్ చేస్తాను, ఆయన సరిచూసి సంతకం చేసి ముద్ర వేస్తారు. జూన్‌లో రిటైరవుతారు.

సముద్రం అవతల మూడు నెలలు బండి మీద తిరిగి రావాలని బావకి ఎప్పటినుంచో కోరికట. వర్క్‌షాపులో సెలవు కూడా ఇచ్చారట.

"విమానంలో అయితే నాలుగు రోజులు. ఓడలో నలభై" అన్నారు మాస్టారు.

"ఓడే" అన్నాడు బావ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పోవడానికి నలభై, రావడానికి నలభై. మూడు నెలల్లో ఎనభై రోజులు బండి పెట్టెలోనే ఉంటుంది. మిగిలిన పది రోజుల కోసమా ఇదంతా?

మార్చి 5

ఎనభై రోజుల సంగతి అక్కకి చెప్పాను. "అయితే నీకేమిటే?" అంది, చీర మడత పెడుతూ. అక్కకి చిన్నప్పటినుంచీ లెక్కలు రావు.

మార్చి 9, ఆదివారం

బావ పొద్దున్నుంచీ ఇల్లు బాగుచేస్తున్నాడు. వంటింటి కుళాయి, నా గది కిటికీ గడియ, హాల్లో కిరకిరలాడే ఫ్యాను. ఆరేళ్లుగా కిరకిరలాడుతూనే ఉంది. ఇవాళే వినబడిందేమో.

మధ్యాహ్నం గ్యాస్ సిలిండర్ మార్చడం అక్కకి నేర్పాడు. అక్క రెండుసార్లు చేసి చూపించింది. "మూడోసారి కళ్లు మూసుకుని చెయ్యి" అన్నాడు. అక్క నిజంగానే కళ్లు మూసుకుని చేసింది. ఇద్దరూ మెచ్చుకున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

మూడు నెలల్లో మాకు ఎన్ని సిలిండర్లు పడతాయి? ఒకటి. అదీ వచ్చినవాడు బిగించి వెళతాడు.

పాపం అక్క. కూనిరాగం తీస్తోంది.

మార్చి 12

ఇతరుల కాగితాలు నేను చదవను. టైప్ చేయడానికి మాత్రం చూడాలి కదా.

ఫారంలో ఒక గడి ఉంటుంది. తిరిగి వచ్చేది, తిరిగి రానిది అని. యాత్రకి వెళ్లే బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకం ఒకటి తీసుకోవాలి. ఏడాదిలోగా బండి వెనక్కి రావాలని అందులో హామీ ఉంటుంది. బావ ఫైల్లో ఆ పుస్తకం లేదు. గడిలో టిక్కు రెండోదాని ఎదురుగా ఉంది.

"మాస్టారూ, ఈ ఫైలుకి పుస్తకం రాలేదు."

"వద్దన్నాడమ్మాయ్. బండి అక్కడే ఉండిపోతుందట."

"మనిషి మూడు నెలలకి వస్తాడు కదా."

"అది నన్నడిగితే ఎలా? మీ ఇంట్లోనే ఉంటాడుగా, ఆయన్నే అడుగు."

మా ఇంట్లోనే ఉంటాడు. అందుకే అడగలేను. నిజానికి అది మా ఇల్లు కూడా కాదు, వాళ్లది. అమ్మ పోయాక అక్క నన్ను తెచ్చుకుంది.

మార్చి 13

అల్మైరాలో బావ సర్టిఫికెట్ల ఫోల్డరు లేదు. నేను దాని కోసం వెతకలేదు. నా పుస్తకం కోసం చూస్తుంటే అది కనబడలేదు, అంతే.

మార్చి 15

పెట్టెలో ఏమేం పెడతాడో జాబితా రాసి తెచ్చాడు. టూల్‌కిట్ ఒకటి. చెయిన్ ఒకటి. గ్లవ్స్ రెండు జతలు. ఉన్ని స్వెట్టర్లు నాలుగు. దిండు ఒకటి.

మాస్టారు ఎర్రపెన్నుతో స్వెట్టర్లూ దిండూ కొట్టేశారు. బండి పెట్టెలో బండి సామాన్లు తప్ప ఏవీ వెళ్లకూడదు.

"సీటు గట్టిది మాస్టారూ" అన్నాడు బావ.

"కూర్చోడానికా దిండు, పడుకోడానికా?"

"ఎలా అంటే మీరు ఒప్పుకుంటారు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను జాబితా మళ్లీ టైప్ చేశాను. ఊళ్లు తిరగడానికి వెళ్లేవాడు తన దిండు తీసుకెళ్లడు. ఒకచోట ఉండిపోయేవాడు తీసుకెళతాడు.

సాయంత్రం అక్క, "పెట్టె ఎప్పుడు వెళుతుందే? ఓడ తేదీ ఖాయమేనా?" అని అడిగింది. ఇది మూడోసారి. భర్త సరదా తీరాలని ఎంత ఆత్రం! ఇరవై ఆరున అని చెప్పి, అక్క మొహం చూడలేక ప్లేటు తీసుకుని నా గదిలోకి వచ్చేశాను.

మార్చి 18

పెట్టెల మేస్త్రీ షెడ్డుకి వెళ్లాను. ఛాసిస్ నంబరు తీసుకోవడం నా పని.

బావ అప్పటికే అక్కడ ఉన్నాడు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేశాడు. బ్యాటరీ తీగలు విప్పి టేపు చుట్టాడు. ముందు చక్రం ఊడదీసి పక్కన కట్టారు. హ్యాండిల్ వంచేశారు. చక్రం లేకుండా, తల వంచుకుని, చెక్క పలక మీద బెల్టులతో బిగించి ఉంటే అది బండిలా లేదు.

"పెళ్లికూతుర్ని పంపుతున్నట్టు దగ్గరుండి చూసుకుంటున్నాడమ్మా ఈయన" అన్నాడు మేస్త్రీ. "మేకు కొడుతుంటే నన్ను మెల్లగా కొట్టమంటాడు. మేకు మెల్లగా కొడితే దిగుతుందా?"

హ్యాండిల్ కింద ఉక్కు మెడ మీద నంబరు చెక్కి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాలి. బళ్లో రూపాయి బిళ్లని కాగితం కింద పెట్టి రుద్దినట్టే. అంకెలు ఒక్కొక్కటే తేలతాయి. నేను రుద్దుతుంటే బావ వెనకనుంచి, కాగితం చూడకుండానే, చివరి నాలుగూ పైకి చెప్పాడు. ఏడు, నాలుగు, ఒకటి, మూడు.

అక్క ఫోన్ నంబరు మాత్రం ఇప్పటికీ చూసి కొడతాడు.

మార్చి 20

బండి ఓడ కాగితం డ్రాఫ్టు టైప్ చేశాను. ఛాసిస్ నంబరులో చివరి అంకె ఎనిమిది పడింది.

మార్చి 20, మళ్లీ

పడింది అని రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. వేశాను.

రేవులో పెట్టె తెరిచి బండి మీది నంబరూ కాగితం మీది నంబరూ పోల్చి చూస్తారు. తేడా వస్తే పెట్టె ఆగుతుంది. ఓడ వెళ్లిపోతుంది. ఆ తర్వాతి ఓడ దాకా వ్యవధి దొరుకుతుంది. ఈలోగా అక్కకి చెప్పే ధైర్యం తెచ్చుకోవాలి. ఆపడం లేదు నేను. ఆలస్యం చేస్తున్నానంతే.

స్కూల్లో శనివారం శనివారం ఆ వారం చేసిన తప్పులు చీటీ మీద రాసుకోమనేవారు. నా చీటీలో ఎప్పుడూ ఒకటే ఉండేది. ఇతరుల పుస్తకం అడగకుండా చదివాను.

మార్చి 21

డ్రాఫ్టు సొంతదారు చదివి సంతకం చేయాలి. ఇంటికి తెచ్చి ఇచ్చాను. బావ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఎదురుగా నవల తెరిచి పట్టుకున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు, కాగితం వైపూ చూడలేదు.

చాలాసేపటికి "ఇదిగో సిస్టర్" అని ఇచ్చాడు. సంతకం ఉంది. కవర్లో పెట్టేశాను.

చదవకుండానే పెట్టి ఉంటాడు. మగవాళ్లు కాగితాలు చదవరు.

మార్చి 22

మాస్టారు రుద్దుడు కాగితం తెరవలేదు. "నువ్వు చూశావుగా" అన్నారు. సంతకం చేసి ముద్ర వేశారు.

మార్చి 25

పెట్టె ఆగింది.

పదకొండింటికి రేవునుంచి ఫోను. పన్నెండింటికి ప్రొప్రైటర్ గారు మా గదిలోకి వచ్చారు. అక్కడ ముగ్గురు కస్టమర్లు ఉన్నారు. "ముప్పై ఏళ్ల సర్వీసండీ. ఒక్క అంకె చూడలేరా? కళ్లు కనపడకపోతే చెప్పండి, జూన్ దాకా ఎందుకు, రేపే ఇంట్లో కూర్చోబెడతాను" అన్నారు, మాస్టారితో.

మాస్టారు, "పొరపాటైంది" అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు.

మార్చి 26

ఓడ వెళ్లింది. బావ తన విమానం టికెట్టు కూడా తర్వాతి ఓడ తేదీకి మార్పించుకున్నాడు.

మాస్టారు ఇవాళ ఎవరి మాటకీ నవ్వలేదు.

మార్చి 27

ఇదంతా ఉన్నదున్నట్టు రాయాలి.

పెట్టె ఆగిన సంగతి బావ నిన్న సాయంత్రం దాకా అక్కకి చెప్పలేదట. ఇవాళ నేను వచ్చేసరికి అక్క వంటింట్లో స్టవ్ ఆర్పేసి నేల మీద కూర్చుని ఉంది. తను కళ్లు పరీక్ష చేసే కళ్లద్దాల షాపులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పలేదు. పక్కన కూర్చున్నాను.

"పోనీలే అక్కా, ఇంకో ఓడ ఉంటుంది."

"ఎప్పుడు?"

"పన్నెండో తారీకున. నిన్నటి ఓడకీ దానికీ పదిహేడు రోజులు."

"పదిహేడు" అంది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. లెక్కలు రాని అక్క.

ఇదే సమయం అనుకున్నాను. రెండు వారాలుగా అద్దం ముందు అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "బావ తిరిగి రారు. ఫారంలో చూశాను. నీకు తెలియదు" అన్నాను.

అక్క నా వైపు చూసింది, వచ్చిన భాషలోనే ఏదో తెలియని మాట విన్నట్టు.

"రావద్దన్నది నేనే కదే."

అక్క కోటు గుండీలు విప్పసాగింది.

"జనవరిలోనే అనుకున్నాం. అక్కడ గ్యారేజీలో పని దొరికింది. అప్లికేషన్ నేనే నింపాను. ఆయన స్పెల్లింగులు నీకు తెలుసుగా."

"కొట్టాడా?"

"ఛ. ఆయనెందుకు కొడతాడు."

"మరి ఇంకెవరైనా..."

"నువ్వా నవలలు కాస్త తగ్గించు." తర్వాత నెమ్మదిగా అంది. "ఆరేళ్లయింది. ఒకే హోటల్లో పక్కపక్క గదుల్లో దిగినవాళ్లలా ఉన్నాం. మంచివాడే. మంచివాడితో ఏమని పోట్లాడతాం? పోట్లాటే లేకపోతే సర్దుకోడానికి ఏముంటుంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నీ మొహం వెళ్లి పెద్దమ్మకి చెప్పేస్తుంది. పెద్దమ్మ వస్తుంది, బాబాయిలు వస్తారు, హాల్లో వరసగా కూర్చుంటారు. సర్దుకుపోండర్రా అంటారు. నేను సరేనంటాను. నా సంగతి నాకు తెలుసే, నలుగురు కూర్చుంటే సరేనంటాను. అదే ఓడ వెళ్లిపోయిందనుకో, ఇంక ఎవరేమన్నా ఒకటే. అందుకే రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను." తల గోడకి ఆనించింది. "ఇప్పుడీ పదిహేడు రోజులూ ఎలాగే?"

ఎనిమిది సంగతి చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే బావ వచ్చాడు, కూరగాయల సంచీతో.

మార్చి 29

ఇక నా దగ్గర దాచేది ఏమీ లేదు కనుక వాళ్లిద్దరూ నా ముందే మాట్లాడుకుంటున్నారు. అక్కడ చలి ఎంత, గది ఎవరితో, దిండు చేతి సామానులో పడుతుందా. బావ ఏదో అన్నాడు, అక్కకి నవ్వొచ్చి పొలమారింది. బావ నీళ్లు అందించాడు.

ఆరేళ్లలో భోజనాల దగ్గర అక్క నవ్వడం నేను చూశానా? గుర్తులేదు.

మార్చి 31

సవరణ కోసం పాత ఫైలు తీశాను. బావ సంతకం చేసిన డ్రాఫ్టు అందులోనే ఉంది. నేను తెచ్చి ఇచ్చిందే, కానీ ఆ రోజు చూడలేదు.

ఛాసిస్ నంబరు కింద నీలం ఇంకుతో చుక్కలున్నాయి. ఒక్కో అక్షరం కింద ఒక్కో చుక్క. పెన్ను ఆనించి చదివాడు. చివరి ఎనిమిది కింద చుక్క మిగతావాటికన్నా లావుగా ఉంది. పెన్ను అక్కడ ఆగింది.

మేస్త్రీ షెడ్డులో కాగితం చూడకుండా నంబరు చెప్పిన మనిషి.

ఏప్రిల్ 3

రేవు గోడౌన్లో నంబరు మళ్లీ రుద్దాలి. సొంతదారు ఎదురుగా ఉండాలన్నారు. బావా నేనూ వెళ్లాం. పెట్టె ఒక పక్క పలక తీసి ఉంది. ఈసారి పెన్సిలు బావే పట్టుకున్నాడు. నేను కాగితం అదిమి పట్టాను.

మనుషుల మొహం చూసి ప్రశ్నలడగడం నాకు రాదు. కాగితం వైపు చూస్తూ అడిగాను.

"ఆ రోజు డ్రాఫ్టు చదివారా బావా?"

"చదివాను."

"చివర్లో ఎనిమిది ఉంది."

"ఉంది."

పెన్సిలు ఆగలేదు. ఏడు తేలింది. నాలుగు తేలింది.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పొరపాటున వేశావనుకున్నా. ఎవరిదో పొరపాటు వల్ల ఆగిపోతే నా తప్పుండదు కదా అనుకున్నా." కాగితం మీది పొడి ఊదాడు. "నాకు నేనుగా ఆగే ధైర్యం లేదు సిస్టర్. మీ అక్క అంత నిమ్మళంగా అన్నీ సర్దుతుంటే వెళ్లనని ఎలా అంటాను?"

"పొరపాటు కాదు. కావాలనే వేశాను."

అప్పుడు ఆగింది పెన్సిలు. బావ పెద్దగా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇద్దరం కలిసి ఆ ముసలాయన్ని తిట్టించామన్నమాట" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "అక్కకి చెప్పనా?" అని అడిగాను.

"ఏమని?"

నాకు తెలియలేదు. బావకీ తెలియలేదనుకుంటాను. తన వర్క్‌షాపు స్టాపు దాటి రెండు స్టాపులు కూర్చునే ఉన్నాడు.

ఏప్రిల్ 4

ప్రొప్రైటర్ గారి గదికి వెళ్లి చెప్పాను. నిలబడే చెప్పాను. మూడు వాక్యాలు. కారణం అడిగారు. ఇంటి విషయం అన్నాను. ఇంటి విషయాలు ఇంట్లో టైప్ చేసుకోమన్నారు. ఇకనుంచి నా ప్రతి కాగితం ఆయన కూడా చూస్తారట. ఉద్యోగం తీయలేదు. మాస్టారి దగ్గరికి మాత్రం ఆయనే నడిచి వచ్చి ఏదో అన్నారు. నాకు వినబడలేదు.

తర్వాత నేను మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లాను.

"నాకు పెట్టె ఆగిన రోజే తెలుసమ్మాయ్. మూడు కొట్టబోతే వేలు జారి రెండు పడాలి, నాలుగు పడాలి. ఎనిమిది ఎక్కడుంది, ఈ చేతి మీట అది, ఆ చేతి మీట ఇది."

"మరి నన్ను అడగలేదేం మాస్టారూ?"

"అడిగితే అబద్ధం చెబుతావేమోనని."

ముద్ర తీసి ఇంకు దిండు మీద అద్దుకున్నారు. చేతిలో కాగితమేమీ లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

అక్కా బావా సూట్‌కేసు కొనడానికి పొద్దున్నే వెళ్లారు. మూడింటికి వచ్చారు. సూట్‌కేసు లేదు. ఒక్కటీ నచ్చలేదట.

ఈ ఊళ్లో సూట్‌కేసుల షాపులు రెండే.

ఏప్రిల్ 7

అక్క ఓడ తేదీ అడగడం మానేసింది. నేను గమనిస్తున్నానని కాదు.

ఏప్రిల్ 9

కొత్త డ్రాఫ్టు. మూడుసార్లు సరిచూశాను. మాస్టారు రుద్దుడు కాగితం పక్కన పెట్టుకుని చూశారు. ప్రొప్రైటర్ గారు చూశారు. బావకి ఇచ్చాను, అదే బల్ల దగ్గర. ఈసారి పుస్తకం పట్టుకోలేదు, ఎదురుగా కూర్చుని చూశాను.

పెన్ను ఒక్కో అంకె కింద ఆనిస్తూ వెళ్లాడు. చివరిదాని దగ్గర ఆగాడు. తలెత్తాడు.

"మూడేనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మూడే బావా."

పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. నేను ఇంకేమైనా అంటానేమోనని చూశాడో, వంటింట్లోంచి ఎవరైనా అంటారేమోనని చూశాడో. తర్వాత సంతకం చేశాడు. గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఏప్రిల్ 11

బావ రేపు రాత్రి విమానం. సూట్‌కేసు పక్కింటివాళ్లది.

అక్క నా గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుని నా పుస్తకాల వెన్నులు ఒక్కొక్కటే చదివింది. అవన్నీ తనకి తెలిసినవే.

"ఈసారి నంబరులో తప్పేమీ లేదుగా?"

"లేదు. మూడుసార్లు చూశాను."

"మీ మాస్టారు చూశారా?"

"చూశారు."

"మీ బావ?"

"చదివి సంతకం చేశారు."

"మొత్తం చదివాడా?"

"మొత్తం."

అక్క ఒక పుస్తకం బయటికి లాగి, తిరిగి లోపలికి తోసింది. భయంతో అడిగిందా, ఆశతో అడిగిందా? నా కళ్ల ముందే ఉంది మొహం, అయినా తెలియలేదు. మొదటిసారి కూడా బావ మొత్తం చదివాడు అక్కా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఒకసారి అక్క మొహం చూసి, అంతా తెలుసుననుకుని, ఒక ఓడ తప్పించాను. ఇప్పుడూ తెలుసుననుకుంటున్నానా?

"ఆ ఎనిమిది నేనే వేశాను అక్కా. నీకోసమే అనుకున్నాను" అన్నాను. నావంతు అదే. మిగతాది బావది.

అక్క కోప్పడలేదు. "ఇంకేమైనా ఉందా?" అంది.

"బావని అడుగు."

"అడగనా?" అంది.

లేచింది. తలుపు దాకా వెళ్లింది. హాల్లో బావ సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతున్న చప్పుడు వినబడుతోంది. అక్క నా గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విని, కుడివైపు హాల్లోకి కాకుండా ఎడమవైపు తన గదిలోకి వెళ్లింది.

ఏప్రిల్ 12

ఓడ మధ్యాహ్నం రెండింటికి బయల్దేరింది. రేవునుంచి మాస్టారికి ఫోను వచ్చింది. ఆయన నావైపు చూసి తల ఊపారు.

అక్క షాపుకి ఫోన్ చేశాను.

"వెళ్లిందక్కా."

"సరే" అంది.

ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. అవతల ఎవరో పెద్దాయన గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పెద్ద అక్షరాలు గబగబా, చిన్నవి తడుముకుంటూ. చివరి వరస కూడా అయిపోయి ఆగాడు.

"ఇంకేం చదవాలమ్మా?" అని అడిగాడు.

అక్క జవాబు కోసం ఆయనా నేనూ ఎదురుచూశాం.